ఆదోనికి ఇరవై ఏడు పిలుపులు

ఒక ఊరు ఊరంతటినీ ఒక్క వేలితో కదిలించిన మొనగాడు రాయలసీమలో ఎవరని ఎవరైనా అడిగితే, మొహమాటపడకుండా నా పేరు చెప్పండి. కుడిచేతి చూపుడువేలు. ఆ వేలి పుణ్యమా అని నిండు సభలో నాకు జరిగిన సన్మానం పగవాడికి కూడా వద్దు.

అప్పటికి నేనింకా పడుచువాణ్ణి. అరవై ఎనిమిదేళ్లు. మా పాలిటెక్నిక్ పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శిని. సంఘంలో పదివేల మంది సభ్యులు. సరే, మూడు వేలు. మీరట్లా చూస్తే దాచలేను, మూడు వందల పన్నెండు మంది.

మాకు డ్రాయింగ్ చెప్పిన సుబ్బరామయ్య సారుకు ఆ ఏడు ఎనభై ఆరు నిండాయి. సన్మానం చేస్తామని రాయచోటికి వెళ్లి అడిగితే ఆయన శాలువా వద్దన్నారు.

"శాలువాలు బీరువా నిండా ఉండాయప్పా. పోయేలోపల ఒక్కసారి మీ అందరికీ హాజరు తీసుకోవాల. నేను పేరు పిలిస్తే మీరు పలకాల. అంతే నాకు."

ఇంత చిన్న కోరిక కోరిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ చిన్న కోరికను నమ్మి నా చేతిలో పెట్టిన మనిషినీ ఇంకెక్కడా చూడలేదు.

మాకొక వాట్సాప్ గుంపు ఉండేది. ఎన్నికలప్పుడు కొట్లాడుకుని అందరూ బయటికి వెళ్లిపోయారు. చివరికి మిగిలింది అడ్మినూ, నేనూ. అడ్మిన్ కూడా నేనే. అందుకని కర్నూలులో ఒక హాలు మాట్లాడి, పిలుపులు ఈమెయిల్లో పంపుదామనుకున్నాం. మా పాలిటెక్నిక్‌లోనే మాకు ఇరవై ఏళ్ల తర్వాత చదివిన రమీజా కర్నూలులో వెబ్‌సైట్లు కడుతుంది. సంఘానికీ ఒకటి కట్టి, అద్దె సర్వర్ మీద పెట్టి, అందరి అడ్రసులూ ఎక్కించి, 'పంపు' అనే మీట నాకు చూపించింది.

"అన్నా, ఒక్కసారి నొక్కు. అది నలభై మందికి పంపి కాసేపు ఆగుతాది, మళ్లా నలభై మందికి పంపుతాది. అందరికీ ఒక్కసారే గుంపుగా పోతే అవతల మెయిలు కంపెనీవోళ్లు దొంగలనుకుని తలుపేసుకుంటారు. నువ్వు నొక్కి, టీ తాగి పండుకో."

ఆ మాట చెప్పి ఆమె పనిమీద బెంగళూరు వెళ్లింది. ఇంగ్లీషు అక్షరాల వరుసలో పేర్చిన జాబితాలో మొదటి ఊరు ఆదోని. ఆదోనిలో మావాళ్లు సరిగ్గా నలభై మంది. ఇది గుర్తుపెట్టుకోండి, అప్పుడు నేను పెట్టుకోలేదు.

నొక్కాను. తెర మీద 'నలభై పంపబడినవి' అని వచ్చింది. టీ తాగాను. ఇంకా నలభైయే. నిదానమే ప్రధానమంటారు గానీ, ఈ సర్వర్‌ది నిదానం కాదు, ఎండాకాలం ఎద్దు పడక. పైగా మా సీమలో ఒక్క పిలుపుకు కదిలేవాడెవడు? ఒకసారి పిలిస్తే ఇంటికొకరు వస్తారు. రెండోసారి పిలిస్తే ఆలుమగలు. మూడోసారి కూడా పిలిచామంటే ఆ పూట వాళ్లింట్లో పొయ్యి వెలిగించొద్దని అర్థం. కాబట్టి మళ్లీ నొక్కాను. ఎనభై. ఇంకోసారి నొక్కాను. నూట ఇరవై. చూశారా, సర్వరుకైనా మర్యాద తెలుసు!

ఇరవై ఏడో నొక్కుకు అంకె వెయ్యీ ఎనభై దగ్గర నిలిచింది. ఉన్నది మూడు వందల పన్నెండు మందైతే వెయ్యి దాటడమేమిటని ఎవరికైనా అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది. అడుగున ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరుసలు కనిపించాయి. శుభలేఖ అంచుకు కుంకుమ పెట్టినట్టుందని ముచ్చటపడి కంప్యూటర్ మూసేశాను.

ఆదివారం పొద్దున కర్నూలులో హాలు ముందు మూడు బస్సులు ఆగాయి. మొదటి బస్సులోంచి నా సహపాఠి ఆదోని హనుమంతప్ప దిగాడు. వెనకాల భార్య, కోడళ్లు, మనవలు, వియ్యంకులు, పక్కింటి పత్తి వ్యాపారి.

"ఏమప్పా సుంకన్నా, ఇరవై ఏడుసార్లు పిలిచినావు. మా వీధిలో ఎవురూ పొయ్యి ముట్టించల్యా."

పిలవని పేరంటానికి పోకూడదంటారు. ఇరవై ఏడుసార్లు పిలిచిన పేరంటానికి పక్కింటివాళ్లను కూడా తీసుకెళ్లాలని ఆదోని తీర్మానించినట్టుంది. హాలు నిండింది. నా ఛాతీ కూడా నిండింది. సారు వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, నేను పెద్ద పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించిన జాబితా పట్టుకున్నారు.

ఆదోని నలభై పేర్లూ గంట కొట్టినట్టు పలికాయి. నలభై ఒకటో పేరు ఆళ్లగడ్డది. ఎవరూ పలకలేదు. సారు మళ్లీ పిలిచారు. కళ్లద్దాలు సరిచేసుకుని మూడోసారీ పిలిచారు. నేను తట్టుకోలేక ఒక స్తంభం చాటున చేరి, గొంతు మార్చి, "ప్రెజెంట్ సార్" అన్నాను. తర్వాతి పేరుకు ముక్కుతో పలికాను. ఆరో పేరుకు నా దగ్గర గొంతులు అయిపోయాయి.

హనుమంతప్ప చెవి దగ్గర చేరి బతిమాలాను. వాడు తన పటాలాన్ని దించాడు. కడప పేర్లకు కోడళ్లు పలికారు. కోసిగి ఈరన్నగా పత్తి వ్యాపారి పలికాడు. సారుకు చూపు తక్కువ, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. రాయచోటి మస్తాన్ పేరు వచ్చింది. హనుమంతప్ప వియ్యపురాలు కమ్మగా "ప్రెజెంట్ సార్" అంది.

సారు కాగితం దించారు.

"మస్తాను నిన్న కూరగాయల అంగడిలో కనపడ్న్యాడు. రేపు వస్తాండావు కదా అంటే, యాడికి సార్ అన్న్యాడు. నా కండ్లే పోయినాయి సుంకన్నా, చెవులు ఈడనే ఉండాయి. వీళ్లంతా యాడ?"

ఏం చెప్పమంటారు? సర్వర్ చెడిపోయిందన్నాను. కరెంటు పోయిందన్నాను. చివరికి ఆదోనివాళ్లే మిగతావాళ్ల పిలుపులు తినేశారన్నట్టు కూడా చెప్పాను. అప్పటికే బెంగళూరు నుంచి వచ్చిన రమీజా ఫోనులో చూసి నెమ్మదిగా తలెత్తింది.

"అన్నా, నొక్కినప్పుడల్లా జాబితా మొదట్నుంచి పోతాది. ఇరవై ఏడుసార్లు ఆదోనికే పోయింది. దొంగలని అవతలోళ్లు తలుపేసినారు, ఆళ్లగడ్డ నుంచి ఒక్కరికీ పోలేదు. ఎర్ర అక్షరాల్లో అదే రాసి ఉండాది. చదవల్యా?"

కుంకుమ అనుకున్నానని మూడు బస్సుల జనం ముందు ఒప్పుకున్నాను. హాలు కప్పు లేచిపోయేంతగా నవ్వారు. సారు నవ్వలేదు.

"ముందుకొచ్చి నిలబడు. ఇరవై ఏడుసార్లు పలుకు."

పలికాను. పదో పలుకుకు పిల్లలు లెక్క మొదలుపెట్టారు. ఇరవయ్యో పలుకుకు పత్తి వ్యాపారి కూడా అందుకున్నాడు. ఇరవై ఏడు పూర్తయ్యాక, సారు పెన్ను తీసి, రాని వాళ్ల పేర్ల పక్కన ఏమీ రాయలేదు. తప్పు వాళ్లది కాదన్నారు. వచ్చే నెల మళ్లీ వస్తాననీ, ఈసారి రమీజా నొక్కుతుందనీ చెప్పారు. మొత్తం జాబితాలో ఒక్క పేరు పక్కన మాత్రం 'గైర్హాజరు' అని గుండ్రంగా రాశారు. ఎదురుగా నిలబడి ఇరవై ఏడుసార్లు పలికిన నా పేరు పక్కన.

మరుసటి నెల అన్ని ఊళ్లూ పలికాయి. రాయచోటి మస్తాన్ పలికినప్పుడు సారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నేను వంటల దగ్గర ఉన్నాను, మీటలకు దూరంగా.

అందుకే ఈ చూపుడువేలి మీద ఒట్టేసి చెబుతున్నాను: బతికున్నంతకాలం ఏ మీటనూ రెండోసారి నొక్కను. లిఫ్టు రాకపోతే మెట్లెక్కుతాను, తలుపు తీయకపోతే గడపలో కూర్చుంటాను. ఈ ముచ్చట పత్రికకు పంపడానికి కూడా ఒక్కసారే నొక్కాను. ఎడిటరుగారికి రెండు అందినట్టయితే, అది కచ్చితంగా సర్వర్ తప్పే.