పదకొండు నిమిషాల లోయ

మొన్న టెక్సస్‌లోని ప్లేనోలో మా తోటికోడలి కూతురు ఒక పాత పత్రికలో అచ్చయిన నా కవితను వెతికి పట్టుకుంది. కూడబలుక్కుంటూ చదివి, "పిన్నీ, సన్‌సెట్ మొత్తం చూసినట్టు రాశావ్. మనం ఫుల్ టైమ్ ఆ బోర్డ్ దగ్గరే ఉన్నాం కదా?" అంది. ఆ ప్రయాణంలో దానికి ఎనిమిదేళ్లు. కవితను మెచ్చుకున్న పెద్దలెవరికీ ఇన్నేళ్లలో ఆ అనుమానం రాలేదు.

నిజమే మరి. ఆ వేసవిలో రెండు కుటుంబాలం వ్యాన్ అద్దెకు తీసుకుని గ్రాండ్ కెన్యన్ వైపు వెళ్లాం. పెత్తనమంతా మా బావగారిది, అంటే మావారి అన్నగారిది. నాలుగు రోజుల్లో తొమ్మిది చోట్లు 'కవర్' చెయ్యాలని జాబితా ప్రింట్ తీసి, ఒక్కోటీ అవగానే టిక్కు పెట్టేవారు. నాకు తొమ్మిదీ అక్కర్లేదు. ఆ లోయ అంచున కూర్చుని పొద్దుగుంకడం చూడాలి, అంతే. చిన్నప్పుడు ఒక క్యాలెండర్ బొమ్మలో చూసినప్పటి నుంచి ఉన్న కోరిక. బయలుదేరే ముందే మూడుసార్లు చెప్పాను. "దానికేముందమ్మా, చూద్దాం" అన్నారాయన.

ఆ రోజు మోటెల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టి, పులిహోర కలిపి, అందరూ తిని కదిలేసరికి మధ్యాహ్నం దాటింది. తీరా చేరాక వ్యూపాయింట్ పేరున్న బోర్డు కనబడింది. దాని ముందు అన్నదమ్ములకో ఫొటో, తోటికోడళ్లకో ఫొటో, పిల్లలకు, జంటలకు. మావారు కళ్లు మూశారని మళ్లీ మొదటి నుంచి. లోయ నాలుగడుగుల అవతలే ఉంది. నేను కెమెరా వైపు నవ్వుతూనే ఉన్నాను గానీ ఒళ్లు మండిపోతోంది.

అంచుకు చేరేసరికి ఎండ ఎర్రబడింది. ఎదుటి రాతిగోడల మీద నీడ కింద నుంచి మెల్లగా పైకి పాకుతోంది. అంతలోనే వెనక నుంచి బావగారి కేక.

"అమ్మాయ్, అయిందా? హోటల్ బుక్ చేశాం, లేటైతే చెకిన్ ప్రాబ్లం అవుద్ది."

"ఇంకో అరగంట, బావగారూ. సూర్యుడు..."

"సూర్యుడు రేపూ ఉంటాడు. ఈ స్పాట్ కవరైపోయింది."

మావారు నేలచూపులు చూశారు. మొత్తం పదకొండు నిమిషాలు.

వ్యాన్‌లో కూర్చోగానే బావగారు జాబితా నా చేతికిచ్చి టిక్కు పెట్టమన్నారు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. టిక్కు పెట్టలేదు. కాగితం తిప్పి, చూడనివ్వని ఆ అస్తమయాన్ని వెనకవైపు కవితగా రాసేశాను. మర్నాడాయన జాబితా కోసం వ్యానంతా వెతికారు. అది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

ఏడేళ్ల తర్వాత మావారూ నేనూ మడతకుర్చీలు, ఫ్లాస్కు నిండా కాఫీ పట్టుకుని మళ్లీ వెళ్లాం. పొద్దున్నించి చీకటి పడేదాకా కూర్చున్నాం. రాద్దామంటే ఒక్క వాక్యం రాలేదు. ఆ రోజంతా ఎలా గడిచిందో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ పదకొండు నిమిషాలు మాత్రం నాకింకా అయిపోలేదు.