పొక్కులకు బ్లీచింగ్ నీళ్లు

ఆసుపత్రి బట్టలుతికే షెడ్డులో ఆమెను అందరం మడతల పిల్ల అనేవాళ్లం. దుప్పటి ఆమె చేతిలో పడిందంటే అంచుకు అంచు కలవాల్సిందే. పనిలో అంత గట్టిది, నోట్లో మాత్రం నాలుక లేదు. దానికే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు పొద్దున కాళ్లు ఎడంగా వేసుకుంటూ వచ్చి, బల్ల పట్టుకుని నిలబడిపోయింది. ఏమైందే అంటే ఏమీ లేదంది. మూటల చాటుకు లాక్కెళ్లి గద్దిస్తే అప్పుడు బావురుమంది.

"కింద చిన్న చిన్న పొక్కులు లేచాయక్కా. ఒకటే దురద. పాడు రోగమేమో! మా ఆయనకు తెలిస్తే ఎవడి దగ్గర తెచ్చుకున్నావంటాడు. ఇంట్లో ఉండనిస్తాడా?"

"పొక్కులకే నడవలేకపోతున్నావా?"

తలదించుకుంది. "బ్లీచింగ్ నీళ్లతో కడుక్కుంటున్నాను. ఎలాంటి రోగిష్టి దుప్పట్లయినా దాంతోనే కదా శుభ్రమయ్యేది?"

ఓసి నా తల్లీ! తిట్టబోయి ఆగాను. ఆ షెడ్డులో మాకు ఎవరైనా నేర్పింది అదొక్కటే, ఏ పురుగైనా బ్లీచింగ్‌తో చస్తుందని. మొగుడు దగ్గరికి వస్తే తలనొప్పంటూ అటు తిరిగి పడుకునేదట.

పై అంతస్తులోని డాక్టరమ్మ దగ్గరికి రెక్క పట్టుకుని తీసుకెళ్లాను. ఆవిడ చూసి, "వెంట్రుకలు బ్లేడుతో తీశావా?" అని అడిగింది. పిల్ల తలూపింది.

"గీసిన చోట చెమట పట్టి, బట్ట ఒరుసుకుని పొక్కులు లేచాయి. ఊరికే వదిలేస్తే తగ్గిపోయేవమ్మా. ఇప్పుడిది కాలిన పుండు. మంచినీళ్లు, ఈ మందు తప్ప ఇంకేమీ తగలనివ్వకు."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంది. అయినా మెట్లు దిగుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని నవ్వింది. "పాడు రోగం కాదంటక్కా!" ఆ నవ్వు చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది. మొగుడికి చెప్పడం దీనికి చేతకాదని నేనే ఇంటిదాకా వెంట వెళ్లాను.

మొగుడు గడపలో కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మ చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మందు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమీ లేనిదానికి ఇన్నాళ్లు నా దగ్గర దాచడమెందుకు?" అన్నాడు పెళ్లాంతో.

"మీకు అనుమానం వస్తుందని."

"వచ్చింది," అన్నాడు. మందు గొట్టం గడప మీద పెట్టి, లోపలికెళ్లి గడియ వేసుకున్నాడు.

తలుపు బాదాను, నోటికొచ్చినట్టు తిట్టాను. గడియ తియ్యలేదు.

"కాసేపు కూర్చోవే, తీస్తాడులే" అన్నాను.

"కూర్చోలేనక్కా" అంది.