ఒక్కపొద్దు పలహారాన్ని తూచిన రోజు

1958 ఫిబ్రవరి 10, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. మార్కాపురంలో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న ఆసుపత్రి ముందు ఒక జట్కా వచ్చి ఆగింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాది మీద మూడు నెలలు. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. జట్కాలోంచి ఇద్దరు హమాలీలూ భర్తా కలిసి ఒకామెను దించారు. పేరు సుబ్బరత్నమ్మ, వయసు ముప్పై ఆరు, నలుగురు పిల్లల తల్లి. భర్త రామయ్య శెట్టికి బజారులో శెనక్కాయల మండీ ఉంది. ఆమె పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది.

బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు ఉంది. దీన్ని హెర్నియా అంటారు. కాన్పులకు పొట్ట గోడ పలచబడి, సందు ఏర్పడి, అందులోంచి పేగు బయటికి తోసుకొస్తుంది. మామూలుగా పడుకుంటే లోపలికి పోతుంది. పోకుండా బిగుసుకుంటే పేగుకు రక్తం ఆగిపోతుంది. అది స్ట్రాంగ్యులేషన్. అప్పుడు గంటల్లో ఆపరేషన్ జరగకపోతే మనిషి దక్కదు. ఆ రోజు డాక్టరుగారు మంచం కాళ్ళవైపు ఎత్తు పెట్టించి, ఓపికగా నొక్కుతూ పేగును లోపలికి పంపారు.

"ఈసారి పోయింది. ఇంకోసారి పోతుందని నేను చెప్పలేను," అన్నారాయన, చేతులు కడుక్కుంటూ. "ఆపరేషన్ చెయ్యాల్సిందే. కానీ ఇంత కొవ్వు మీద కుట్లు నిలవవు. మత్తు ఇవ్వడమూ ప్రమాదమే. ముప్పై పౌన్లు తగ్గించుకుని రండి, ఆగస్టులో చేస్తాను."

"తగ్గేదానికి మందేమన్నా ఉందా సార్?" అని శెట్టి అడిగాడు.

"మందు లేదు. తిండి తగ్గాలి, నడక పెరగాలి. మా నర్సు వచ్చి చూసుకుంటుంది."

అలా ఆ పని నాకు వచ్చింది. మా దగ్గర పసిపిల్లలను తూచే త్రాసే ఉండేది. పెద్దవాళ్ళను తూచాలంటే ఊళ్ళో మండీ కాటాలే గతి. ఆ గురువారం పొద్దున్నే శెట్టి హమాలీలను టీకి పంపించి, గోదాము తలుపులు మూశాడు.

"అమ్మో, శెనక్కాయల మూట లెక్క నన్ను కాటా ఎక్కిస్తారా?" అంటూనే సుబ్బరత్నమ్మ ఎక్కి నిలబడింది. శెట్టి అవతలివైపు ఇనుప గుండ్లు ఒక్కొక్కటే పేర్చాడు.

"ఏడు మణుగుల ఏడు వీశెలు."

"తరుగు తీసినావా?"

తరుగు అంటే మట్టికనీ గోనెసంచికనీ వర్తకులు తూకంలో కొట్టేసే బరువు.

"నీకెందుకు తరుగు?"

"ఎందుకేంది? చీర బరువు లేదా, నగల బరువు లేదా? రైతులకైతే అడక్కుండానే తీస్తావే!"

నాకు నవ్వాగలేదు. మణుగంటే ఇరవై ఐదు పౌన్లు, అందులో ఎనిమిదో వంతు వీశె. తరుగు లేకుండా నూట తొంభై ఏడు పౌన్లు అయింది. ఎత్తు చూస్తే ఐదడుగులే.

నెయ్యి, బెల్లం, వేపుళ్ళు తగ్గించమనీ, రాత్రి అన్నం సగం చెయ్యమనీ చెప్పాను. ఆమె మాట వినే మనిషి. అత్తగారు వెంకమ్మ అంతకన్నా గట్టి మనిషి. అన్నం గిన్నె తన చేతిలోకి తీసుకుంది. నెల తిరిగాక, మార్చి 13న, మళ్ళీ కాటా ఎక్కించాం. నూట తొంభై తొమ్మిది. రెండు పౌన్లు పెరిగింది.

సుబ్బరత్నమ్మ కాటా మీదే ఏడ్చేసింది. "దేవుని సాక్షి నర్సమ్మా, వారానికి నాలుగు ఒక్కపొద్దులు ఉంటున్నా. పొద్దంతా మజ్జిగ తప్ప ఏమీ ముట్టడం లే. నన్ను కోతకు పనికిరాకుండా చేసేదానికే ఈ ఒళ్ళు ఇట్ల పట్టుకున్నది."

సోమవారం, శనివారం ఒక్కపొద్దులు ముందునుంచీ ఉన్నవే. ఆపరేషన్ గండం గడవాలని అత్తగారు గురువారం, శుక్రవారం కూడా మొక్కించిందట. ఒక్కపొద్దంటే తెలుసు కదా. పగలంతా ఉపవాసం. దీపాలు పెట్టాక పలహారం. అన్నం మాత్రం ముట్టకూడదు.

ఆమె అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. కాటా కూడా చెప్పదు. అందుకే శనివారం దీపాలవేళకు వాళ్ళింటికి వెళ్ళాను. మండీ వెనకనే ఇల్లు. నన్ను వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు, వసారాలో పీట వేసేవారు. పూజ అయ్యాక కోడలికి విస్తరి వేశారు. నెయ్యి కారుతున్న గోధుమరవ్వ ఉప్మా, కొబ్బరి వేసిన వడపప్పు, వేయించిన శెనగవిత్తులు బెల్లంతో, అరటిపండ్లు నాలుగు, చెంబుడు పాలల్లో చక్కెర. మధ్యలో మళ్ళీ ఉప్మా.

"పెద్దమ్మా, నాకూ అంతే పెట్టండి. ఇంటికి పట్టుకుపోతాను," అన్నాను.

వెంకమ్మ సంబరపడి రెండు విస్తళ్ళలో కట్టి, పాలు వేరే చెంబులో పోసి ఇచ్చింది. నేను ఇంటికి పోలేదు. మండీలో శెట్టి ముందు చిల్లర త్రాసు ఉంది, అందులో పెట్టించాను. చెంబు బరువు తీసేసినా వీశె తూగింది. అన్నం తినే రోజు రెండు పూటల తిండీ మర్నాడు తూపించాను. ముప్పావు వీశె దాటలేదు. అందులోనూ చారు, మజ్జిగల నీళ్ళే ఎక్కువ. తిండిలోని శక్తిని క్యాలరీలలో లెక్కిస్తారు. ఆ లెక్కన నెయ్యి, విత్తులు, బెల్లం కలిసిన ఆ ఒక్క విస్తరి రెండు పూటల అన్నానికి దాదాపు రెట్టింపు. భయంతో మొక్కులు పెంచారు. మొక్కులతో పలహారాలు పెరిగాయి. పలహారాలతో ఒళ్ళు పెరిగింది.

సంగతి చెబితే వెంకమ్మ అగ్గి అయింది. "ఉపవాసాన్ని త్రాసులో పెట్టినావా? కండ్లు పోతాయి! దేవునికి మొక్కింది మానుకోమంటావా?"

"మానుకోమనను. మీరు కాశీకి పోయొచ్చినారు కదా పెద్దమ్మా, అక్కడ ఏం వదిలిపెట్టినారు?"

కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైనదొకటి అక్కడ వదిలి రావడం ఆచారం.

"కాకరకాయ," అంది.

"మీకు కాకరకాయ ఇష్టమా?"

లోపలినుంచి సుబ్బరత్నమ్మ అందుకుంది. "పుట్టి బుద్ధి తెలిసినాక ఒక్కనాడు నోట పెట్టలేదు!"

"నువ్వు నోర్ముయ్యవే!" అంది కానీ ముసలామెకు నవ్వొచ్చింది. కొంగుతో మూతి తుడుచుకుని నా వైపు తిరిగింది. "సరే. ఈతూరి నిజంగా ఇష్టమైనదే వదులుతాము. కోత అయ్యేదాక బెల్లం, నెయ్యి. దాంతోపాటు నేను గూడా. స్వామి ఒప్పుకుంటాడులే."

ఆ మొక్కు వచ్చాక గురు, శుక్రవారాల ఒక్కపొద్దులు పోయి పాత రెండే మిగిలాయి. ఆ రెండు సాయంత్రాలూ ఒక జొన్నరొట్టె, ఉడికించిన పెసలు, బీరకాయో తోటకూరో గిన్నెడు. మిగతా రోజుల్లో పొద్దున కొర్ర జావ, మధ్యాహ్నం కొలిచిన అన్నం, పప్పు, రెండింతల కూర, సాయంత్రం మళ్ళీ రొట్టె. పగలంతా మాడితే సాయంత్రం చెయ్యి ఆగదు. అందుకే పొద్దున జావ మానవద్దని గట్టిగా చెప్పాను. శెట్టిల ఇంట్లో జొన్నరొట్టె అప్పటిదాకా కూలీలకు పెట్టేదే. వెంకమ్మకు రొట్టె తట్టడం రాలేదు. ఇల్లు ఊడ్చే ఈరమ్మను పిలిచి నేర్చుకుంది.

నడక ఇంకో చిక్కు. ఆ ఇంటి ఆడవాళ్ళు పని లేకుండా వీధిలో నడవరు. దానికి గోదామే దారి అయింది. హమాలీలు రాకముందు మూటల వరుసల చుట్టూ తిరిగేది. మొదట నాలుగు చుట్లకే మూట మీద కూలబడేది. ఏప్రిల్ చివరికి అరగంట ఆగకుండా నడిచింది. పేగు జారకుండా పొట్టకు గుడ్డ పట్టీ ఎలా బిగించాలో నేర్పాను. బరువు మాత్రం ఎత్తనివ్వలేదు.

మే నెలలో నూట ఎనభై ఒకటికి వచ్చింది. అప్పుడే గిద్దలూరులో వాళ్ళ బంధువుల పెళ్ళి జరిగింది. తిరిగొచ్చిన మర్నాడు శెట్టి నన్ను వసారాలో నిలబెట్టేశాడు.

"నర్సమ్మా, తగ్గింది చాలు. ఇంక ఆపించు. పెండ్లిలో అందరు అడిగినారు. 'ఏంది శెట్టీ, ఇంటామె ఇట్ల చిక్కిపోయింది, దుకాణం బాగలేదా' అని. జొన్నరొట్టె సంగతి గూడా పాకిపోయింది. దివాలా తీసినాడంటే రేపు నాకు సరుకు ఎవడిస్తాడు?"

ఆయన భయం ఉత్తది కాదు. వర్తకుడి ఇంటామె ఒళ్ళు చూసి అతని పరపతి అంచనా వేసే కాలం అది. పరాయివాళ్ళ ముందు భర్తకు ఎప్పుడూ ఎదురు చెప్పని సుబ్బరత్నమ్మ తలుపు దాటి వచ్చింది.

"నా పొట్ట చూపించి నువ్వు యాపారం చేస్తున్నావా? పేగు బిగుసుకున్న దినం నీ పరువు వచ్చి లోపలికి తోసిందా? మళ్ళా బిగుసుకుంటే గిద్దలూరోళ్ళు వచ్చి నా పిల్లోళ్ళను సాకుతారా?"

వెంకమ్మ ఒక్క మాటే అంది. "అడిగినోళ్ళను నా కాడికి పంపు రా."

శెట్టి తలొంచుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం మందులకని బజారుకు వెళితే నా కళ్ళను నేనే నమ్మలేదు. మండీ అరుగు మీద, నలుగురూ తిరిగే వేళ, ఆయన ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని జొన్నరొట్టె తింటున్నాడు. ఎదురు కొట్టు ముసలాయన కేక వేశాడు. "ఏం శెట్టీ, అంత కష్టం వచ్చిందా?"

"కష్టం కాదు మామా. నా పెండ్లాం ఆపరేషన్‌కు తయారవుతాంది, తోడు తింటున్నా. నీ పొట్ట చూస్తే నీకూ పనికొచ్చేటట్లుంది, రా కూర్చో!"

బజారంతా నవ్వింది. ఆ తర్వాత దివాలా మాట నేను ఎక్కడా వినలేదు.

ఆగస్టు 14న కాటా నూట అరవై మూడు చూపింది. డాక్టరుగారు అడిగింది నూట అరవై ఏడు. ఆగస్టు 18, సోమవారం ఆపరేషన్ చేశారు, పక్కన నేనున్నాను. సందు శుభ్రంగా మూసుకుంది. మత్తు దిగాక ఆమె అడిగిన మొదటి మాట, "బెల్లం ఎప్పుడు తినొచ్చు?" పదో రోజున కుట్లు తీశాం, ఒక్కటీ చీము పట్టలేదు. శెట్టి జట్కా తెస్తే ఎక్కనంది. అత్తను పక్కన పెట్టుకుని, ఆసుపత్రినుంచి నడిబజారు మీదుగా, కొట్లన్నీ తెరిచి ఉన్నవేళ, ఇంటిదాకా నడిచి వెళ్ళింది. జట్కా ఖాళీగా వెనక వెళ్ళింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. బరువు తగ్గాలని వచ్చిన ప్రతి మనిషినీ, తినే రోజు ఏం తింటావని కాదు, తినని రోజు ఏం తింటావని ముందు అడిగాను. వాళ్ళ దేవుడి జోలికి పోలేదు. వడ్డించే మనిషిని మాత్రం వదిలిపెట్టలేదు. ఇంట్లో ఒక్కరి తిండి మారాలంటే కనీసం ఇంకొకరి పళ్ళెం మారాలని నాకు నేర్పింది ఆ ఇల్లే.

ఆ ఆరు నెలల్లో సుబ్బరత్నమ్మకు పోయినవి ఇవి. మొదటి తూకంనుంచి ముప్పై నాలుగు పౌన్లు, అంటే మణుగు మీద దాదాపు మూడు వీశెలు. నడుము చుట్టుకొలతలో ఏడంగుళాలు. వదులై పనికిరాకుండా పోయిన రవికలు తొమ్మిది. వేలికి నిలవక శెనక్కాయల్లోకి జారిపోయి, మూటలన్నీ కుమ్మరించినా దొరకని పచ్చరాయి ఉంగరం ఒకటి.