ప్రమాణానికి పోయిన బండి

ఉదయం ఆరున్నరకు డ్రైవరు ఇంజన్ లేపడానికి బండి ముందు నిలబడి హేండిల్ తిప్పాడు. రోజూ చేసే పనే. ఆ రోజు హేండిల్ ముందుకు తిరగకుండా వెనక్కి ఎదురుకొట్టింది. ఆయన కుడిచేతి మణికట్టు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. చప్పుడు విని బయటికి వచ్చిన మా అన్న ఆయన చెయ్యి చూడలేదు. నేరుగా పెట్రోల్ టాంకీ దగ్గరికి పోయి, మూత తీసి వాసన చూశాడు.

మొన్న అన్న పోయిన పదోనాడు చుట్టాలంతా కూర్చుని, ఆయన బతికినన్నాళ్ళూ ఎవరినీ అనుమానించి ఎరగడని చెప్పుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను. పోయినవాళ్ళకు లేని గుణాలు తొడగడం నాకు నచ్చదు. అన్న అనుమానించేవాడు. ఒకసారి ఆ అనుమానం ఎంత దూరం పోయిందో నేను పక్కనే ఉండి చూశాను.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. మేము కరీంనగర్‌లో ఉండేవాళ్ళం. నేను అన్న ఇంట్లోనే ఉండి ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అన్న నేతవాళ్ళ దగ్గర బట్ట కొని జగిత్యాల, నిర్మల్, భైంసా దుకాణాలకు వేసేవాడు. అందుకోసం భైంసాలో ఒక పత్తి వ్యాపారి దగ్గర పాత పికప్పు కొన్నాడు. రెండో ప్రపంచయుద్ధానికి ముందటి బండి. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే చోటు, వెనక చెక్కల తొట్టి. తొట్టిలో ఒక మూల గుండ్రంగా బోల్టులు బిగించిన రంధ్రాలు ఉండేవి. అవేమిటని అడిగితే, నీళ్ళ డ్రమ్ము పెట్టుకున్నామని అమ్మినాయన చెప్పాడు. అన్న ఆ మాట నమ్మలేదు, కానీ బండి కొన్నాడు.

దాన్ని నడిపే ఆయన మా బాపు కాలంలో మా ఎడ్లబండి తోలినవాడు. అన్న కంటే చాలా పెద్ద. అన్నే ఆయనకు మోటారు నేర్పించి లైసెన్సు ఇప్పించాడు. మేమిద్దరం ఆయన్ని కాకా అనే పిలిచేవాళ్ళం.

దసరా ముందు ఇంజన్‌లో నిప్పు పుట్టించే పాయింట్లు అరిగిపోతే మార్పించారు. అప్పటినుంచే బండికి ఈ రోగం. బరువుతో ఎత్తెక్కితే డబ్బాలో మేకులు వేసి ఆడించినట్టు ఇంజన్ టకటకమని కొట్టేది. నీళ్ళు మరిగేవి. పొద్దున హేండిల్ వేస్తే ఎదురుకొట్టేది. పాయింట్లు మార్చిన మెకానిక్కు ఉస్తాద్ దగ్గరికి మళ్ళీ తీసుకుపోతే, ఆయన మూత తీసి, ఇంజన్ ముందుండే చిన్న చక్రం మీది గీతను, దాని ఎదుటి సూదిని చూసి, అంతా సరిగానే ఉందన్నాడు.

"గీతను సూదికి కలిపి పెట్టిన సేటు. నిప్పు ఏడ పడాల్నో గాడనే పడ్తది. కిరసనాయిలు కలిసిన పెట్రోల్ పోస్తే గిట్లనే కొడ్తది. జర నీ మనుషుల దిక్కు చూస్కో," అన్నాడు.

అది చాలింది. పెట్రోలు తీసి అమ్ముకుని ఆ మేరకు కిరసనాయిలు పోసే డ్రైవర్లు ఉన్నారని బజారులో అందరూ అనుకునేదే. అన్న ఆ రోజు నుంచి కాకా చేతులు, అంగీ, సీటు కింద గుడ్డలు, అన్నీ చూడడం మొదలుపెట్టాడు. కాకా ఇంటి ముందు నుంచి పోతే, కిరసనాయిలు ఎంత ఉందో తెలుస్తుందని లోపల దీపం ఎంతసేపు వెలుగుతుందో చూసేవాడు. వదినకు వేరే అనుమానం. ఎదురింటి బట్టల వ్యాపారి మా బండి వైపు చూసే చూపు బాగాలేదని బంపరుకు నిమ్మకాయలు కట్టించింది. నాకు ఉస్తాద్ మీద అనుమానం. బండి బాగుపడితే మళ్ళీ ఆయన దగ్గరికి ఎవరు పోతారు?

హేండిల్ ఎదురుకొట్టిన ఆ పొద్దున అన్న టాంకీ మూత పెట్టి కాకాను అడిగాడు.

"నిన్న పెట్రోల్ ఎవరు పోసిండ్రు కాకా?"

"నేనే పోసిన. ఇంకెవరు పోస్తరు?"

"అదే అడుగుతున్న."

కాకా మణికట్టు పట్టుకునే లేచి నిలబడ్డాడు. "అడగదల్చుకున్నది సాఫ్‌గ అడుగు సేటు. నేను అమ్ముకున్ననా? అమ్ముకుంటే గీ చెప్పులు గిట్ల ఉంటుండెనా?"

లోపలికి వచ్చాక నేను అన్నతో అన్నాను, "కిరసనాయిలు కలిపితే చెయ్యి విరిగేది ఆయనదే గదా."

"దొంగతనం చేసేటోని చెయ్యి నొయ్యదా?" అన్నాడు అన్న.

మా వైపు ఇట్లాంటిది తేలకపోతే కొండగట్టు ఆంజనేయుడి గుడికి పోయేవాళ్ళు. అనుమానం ఉన్న మనిషి తల మీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో అంజన్న ముందు నిలబడి, నేను చెయ్యలేదని చెప్పాలి. చెబితే ఆ మాట అక్కడితో ఆగాలి. ప్రమాణం చెయ్యనన్న మనిషికి ఊళ్ళో పని దొరకదు. అన్న ఆ మాట ఎత్తాడు. కాకా మణికట్టుకు పసుపు పట్టు వేసుకుని ఉన్నాడు. "ఎప్పుడు పోదాం?" అని మాత్రం అడిగాడు.

వాడకట్టులో అందరికీ తెలిసింది. శనివారం పొద్దున బయలుదేరాం. పోయేది ఆ బండిలోనే. జగిత్యాల దారే కదా అని అన్న బట్టల మూటలు కూడా వేయించాడు. ముందురోజే టాంకీ ఖాళీ చేయించి, పంపు దగ్గర నిలబడి తన చేత్తో పెట్రోలు పోసి, రాత్రి బండిని లోపలి వాకిట్లో పెట్టి గేటుకు తాళం వేశాడు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. కాకా ఇదంతా చూస్తూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ముగ్గురం ముందు సీట్లో కూర్చున్నాం. హేండిల్ అన్న వేశాక, కట్టు కట్టిన చేత్తోనే కాకా బండి తీశాడు. గుట్టకు దగ్గరపడ్డాక రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. అక్కడ ఇంజన్ టకటకమని కొట్టడం మొదలుపెట్టింది. ఎప్పటికంటే తక్కువేమీ కాదు. కాకా రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. అన్న ముందుకు వంగి విన్నాడు. ఆ పెట్రోలు అన్న పోసింది.

గుట్ట కింద బండి ఆపాక నేనే అన్నాను, "అన్నా, ఇగ పైకి ఎక్కుడెందుకు? ఇన్నవు గదా."

"పంపులనే కల్తీ ఉందేమో," అన్నాడు అన్న. తర్వాత కాకా వైపు తిరిగి, "వద్దు తియ్యి కాకా. జగిత్యాల పోదాం పా," అన్నాడు.

కాకా అప్పటికే చెప్పులు విడిచి సీటు కింద పెడుతున్నాడు. "వాడకట్టంత తెలిసినంక ఊకె ఎట్ల మర్లిపోత సేటు? ఏం మొకం వెట్టుకొని పోత? నీళ్ళు పోసుకుంట."

మెట్లెక్కి పైకి పోయాం. ఆయన ఎడమచేత్తో బిందె ఎత్తలేక రెండోసారి ప్రయత్నిస్తుంటే అన్న సాయం పట్టబోయాడు. కాకా చెయ్యి అడ్డం పెట్టాడు. నీళ్ళు పోసుకుని, గడ్డం నుంచి కారుతుండగా నిలబడి, తాను పెట్రోలు తియ్యలేదని, ఏదీ కలపలేదని చెప్పాడు. గట్టిగా చెప్పలేదు, నెమ్మదిగా కూడా చెప్పలేదు. అన్న తల వంచుకుని ఉన్నాడు.

మరుసటి రోజు అన్న ఉస్తాద్ షెడ్డుకు పోయాడు. నేనూ వెళ్ళాను. ఇప్పుడు అనుమానం అటు తిరిగింది.

"పెట్రోల్ నేను పోసిన. బండి నేను తాళమేసిన. మల్ల కొట్టింది. ఇగ మిగిలింది నువ్వే," అన్నాడు అన్న.

ఉస్తాద్‌కు కోపం వచ్చింది. "నా మీద అనుమానమా? ఐతే నీ కండ్లతోనే చూడు." ఇంజన్ మొదటి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక సైకిల్ చక్రం పుల్ల దించాడు. పిస్టన్ పైకి వస్తుంటే పుల్ల లేస్తుంది. అది పూర్తిగా పైకి రావడానికి కొద్దిగా ముందు, చక్రం మీది గీత సూదికి ఎదురుగా రావాలి. అది చూపించి అన్న నోరు మూయించాలని ఆయన ఉద్దేశం. హేండిల్ నెమ్మదిగా తిప్పాడు. గీత సూది దగ్గరికి వచ్చింది. కానీ పుల్ల ఇంకా చాలా పైకి రావాల్సి ఉంది. ఉస్తాద్ వెనక్కి తిప్పి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

గుడ్డ పెట్రోలులో ముంచి చక్రం తుడిచారు. నల్లటి జిడ్డు పోయాక ఇంకో గీత కనిపించింది. సన్నగా, సాఫుగా ఉంది. అది కార్ఖానాలో పెట్టినది. ఇన్నాళ్ళూ ఉస్తాద్ కలిపిన గీత ఎవరో ఉలితో కొట్టింది.

ఉస్తాద్ పోయి తొట్టిలో ఆ గుండ్రటి రంధ్రాలను చూసి వచ్చాడు. "బొగ్గు బండి," అన్నాడు. యుద్ధంలో పెట్రోలు దొరకనప్పుడు వెనక బొగ్గుల పొయ్యి పెట్టి దాని గ్యాసుతో బండ్లు నడిపేవాళ్ళు. ఆ గ్యాసు నిదానంగా మండుతుంది కాబట్టి నిప్పు చాలా ముందే పడాలి. అందుకని ఎవరో కొత్త గీత కొట్టుకున్నారు. పొయ్యి తీసేసి పెట్రోలుకు మార్చినప్పుడు ఎవరో చెవితో విని సరిచేశారు కానీ గీత అట్లాగే ఉండిపోయింది. పాయింట్లు మార్చేటప్పుడు ఉస్తాద్ మళ్ళీ ఆ గీతకే కలిపాడు; పెట్రోలుకు నిప్పు అంత ముందు పడడంతో బండి ఎదురుకొట్టింది. అసలు గీతకు కలిపాక బండి హేండిల్ ఒక్క తిప్పుకే లేచింది. ఎత్తులో కొట్టలేదు.

సాయంత్రం అన్న కాకా ఇంటికి నడిచి పోయాడు. లోపలికి రమ్మంటే పోలేదు. పక్కిళ్ళవాళ్ళు వినేటట్టు బయటే నిలబడి చెప్పాడు.

"తప్పు నాది కాకా. బండిల ఉండె గా ఖరాబు. నువ్వు చేసింది ఏం లేదు."

"నిన్ననే చెప్తి గద సేటు. అంజన్న ఇన్నడు," అన్నాడు కాకా. "నువ్వు వేరే చెప్పుడెందుకు?"

మణికట్టు నయమయ్యాక పనిలోకి వచ్చాడు. బండి ఎప్పటిలాగే జాగ్రత్తగా నడిపాడు. కానీ పెట్రోలు టాంకీ మూత మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. పంపు దగ్గర బండి ఆపి దిగి దూరంగా నిలబడేవాడు. "మూత నువ్వే తియ్యి సేటు," అనేవాడు. అన్న ఊళ్ళో లేకపోతే నన్ను పిలిపించేవాడు. మొదట్లో అన్న బతిమాలాడు, ఒకసారి కోప్పడ్డాడు. తర్వాత తానే పోయి తీసేవాడు. బండి అమ్మేదాకా అట్లాగే సాగింది.

ఆ తర్వాత అన్న దగ్గర చాలామంది పనిచేశారు. పోయిన వస్తువులూ ఉన్నాయి, ఎవరు తీశారో తేలనివీ ఉన్నాయి. కానీ మా ఇంట్లో మళ్ళీ ఎవరినీ ప్రమాణానికి తీసుకుపోలేదు.