నడిచే కుళాయి

సీసాల ఫ్యాక్టరీలో ఆవిడను అందరూ చెవులక్క అంటారు. బెల్టు మీద కుడి నుంచి ఎడమకు గలగలమంటూ పోయే సీసాల్లో బీటువారినది ఒక్కటున్నా కళ్లు మూసుకునే పట్టేస్తుంది. నెల కిందట బెల్టు వేగం పెంచారు. అప్పటినుంచి ఆవిడ గుండెల్లో రాయి పడింది. పని దిగి క్యాంటీన్‌లో చేతులు కడుక్కుంటుంటే కుళాయి చప్పుడు మెల్లగా కుడివైపుకు జరిగిపోతోంది. చెవి పోతే కొలువూ పోయినట్టే. ఇవాళా ఆ చప్పుడు వెంట మెడ తిప్పుతుంటే, ఒకప్పుడు బెల్టు మీదే పనిచేసిన క్యాంటీన్ పెద్దమ్మ పకపకా నవ్వింది.

“నీకూ కుళాయి నడుస్తోందా? రోజంతా చప్పుడు అటు పోతుంటే, కదలనిది ఇటు పోతున్నట్టే ఉంటుందే. నాకూ అంతే. టీ తాగు, అదే తిరిగి చోటికి వస్తుంది.”

సగం గ్లాసుకే చెవులక్క ముఖం విచ్చుకుంది. “వచ్చేసింది పెద్దమ్మా!”

“వచ్చిందిగా, ఇక కట్టెయ్యి. నీళ్లన్నీ పోతున్నాయి.”