ఇరుసుకు పెట్టిన బొట్టు

మొన్న గరాజ్ సర్దుతుంటే పాత డయల్ గేజ్ బయటపడింది. అది ఆగిపోయిన గడియారమా అని మా అబ్బాయి ఇంగ్లీషులో అడిగాడు. పళ్ళచక్రాల మధ్య వెంట్రుకవాసి సందును కొలిచే పరికరమని చెప్పాను గాని, నా మనసు అప్పటికే మెల్‌బోర్న్‌లోని పాత అద్దె ఇంటికి వెళ్ళిపోయింది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే గండం ఏ గొడవా లేకుండా గడిచిపోయింది. దానితోపాటే నా కాంట్రాక్టూ ముగిసింది. ఎన్నో ఎదురుచూపుల తరవాత నగర శివారులో కేరమ్ డౌన్స్ వైపు, రైలు పోనిచోట, ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. మా పాత స్టేషన్ వ్యాగన్ ఇరుసేమో వేగం పెరిగేకొద్దీ ఊళ పెడుతోంది. ఇది ఎక్కువ దూరం రాదనీ, వేరేది చూసుకోమనీ మెకానిక్ తేల్చేశాడు. వేరేది కొనే స్థితిలో మేము లేము.

మెకానికల్ ఇంజినీరింగ్ చదివి కోబాల్ ప్రోగ్రామింగ్‌లో పడ్డవాణ్ణి కనుక, నేనే బాగుచేద్దామని జాక్, స్టాండ్లు, సాకెట్లు, టార్క్ రెంచ్, డయల్ గేజ్, ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్‌కు కొత్త పళ్ళచక్రాలు, అన్నీ వరసగా సమకూర్చుకున్నాను. బేరింగులు లాగే పుల్లర్ పక్కింటి హైదరాబాదు అంకుల్ ఇచ్చారు. ఇచ్చి ఊరుకోక, ఆయనా వచ్చి కారు కింద దూరారు.

అంతా బిగించాక గుర్తొచ్చింది, చక్రాల పళ్ళకు పూసే రంగు తేలేదని. అది పూసి తిప్పితే రాపిడి పంటి నడుమ పడిందో అంచున పడిందో తెలుస్తుంది. అంచున పడితే మళ్ళీ ఊళే. ఆదివారం సాయంత్రం, దుకాణాలు మూసేశారు. నా చూపు పూజ అరలోని ఆంజనేయుడి సిందూరం మీద పడింది.

"బేటా, పూజల పెట్టింది అట్ల తీస్కోవద్దు. అమ్మాయిని అడుగు," అన్నారు అంకుల్.

మా ఆవిడ నవ్వేసింది. "తీసుకోండి అంకుల్. అందరూ బండికి బయట బొట్టు పెడతారు, మీరు లోపల పెడుతున్నారు, అంతేగా."

సిందూరాన్ని నూనెలో కలిపి పూశాం. మొదటిసారి ముద్ర అంచున పడింది. పళ్ళచక్రాన్ని కాస్త జరపడానికి దాని వెనక ఉండే పలుచని రేకు ఒకటి మార్చి మళ్ళీ బిగిస్తే, ఈసారి సరిగ్గా పంటి నడుమ ఎర్రగా రాపిడి కనిపించింది.

"ఇగ ఫికర్ చెయ్యకు. రేపు నౌకరీకి పో," అన్నారాయన చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు ఫ్రీవే మీద రేడియో కట్టేసి, వెనకనుంచి ఏ చప్పుడూ రాకపోవడాన్నే వింటూ వెళ్ళాను. ఆఫీసు ముందు ఇంజిన్ ఆపి, దిగాలనిపించక కాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ తరవాత కొన్న కార్లన్నీ మంచివే. ఏదైనా మొరాయిస్తే ట్రక్కు వచ్చి తీసుకుపోతుంది, బాగై తిరిగొస్తుంది. ఎవరూ కారు కింద దూరే పని లేదు. ఇప్పటి మా పక్కింటాయన ఏ కారు నడుపుతారో చెప్పగలను గాని, ఆయనది ఏ ఊరో ఇంతవరకూ అడగనే లేదు.