జుహైర్ చీపురు

స్ఫాక్స్ ఊరి వాళ్లకు పొదుపెక్కువని తునీసియా అంతా ఎగతాళి చేస్తుంది. జుహైర్‌కు మాత్రం శుభ్రం ఎక్కువ. పళ్లెం పక్కన ఆలివ్ గింజ పడీ పడకముందే ఎత్తి పారేస్తాడు. ఆయన ధాటికి తట్టుకోలేక భార్య మున్జియా తనకిష్టమైన గిన్నెల్ని పుట్టింట్లో దాచుకుంది.

ఆలివ్ నూనె మిల్లులకు ప్రోగ్రాములు రాసే ఆఫీసులో కోడ్ భండారం ఆయన చేతిలో ఉంది. అందులో ఎవరి పనికి వాళ్లు బ్రాంచి అని ఒక విడి పాయ తెరుచుకుంటారు. బ్రాంచి తీసేసినా అందులోని కోడ్ వెంటనే పోదు. కనీసం రెండు వారాలు చెత్తలో పడి ఉంటుంది. అంతకాలం చెత్తను భరించడం జుహైర్ వల్ల కాదు. రోజూ భోజనానికి లేచే ముందు, ఉన్నదంతా ఇప్పుడే ఊడ్చెయ్యమని కమాండ్ కొడతాడు. అప్పుడుగానీ ఆకలెయ్యదు.

ఆ రోజూ ఊడ్చి, చేప కుస్కుసీ తిని వచ్చేసరికి, అక్కడే కోడ్ రాసే ఈనెస్ ఏడుపు మొహంతో నిలబడి ఉంది.

"అన్నా, పొద్దున పాతదనుకుని నా కొత్త బ్రాంచి తీసేశాను. నా కంప్యూటరూ నిన్న సాయంత్రమే మార్చారు, కొత్తదాంట్లో కాపీ లేదు. రేపు మిల్లాయనకు చూపించాల్సింది అదే. చెత్తలోంచి తీసిస్తావా?"

"చెత్త లేదమ్మా."

"లేకపోవడమేంటి?"

"ఊడ్చేశాను."

మూలనున్న హమ్మాది పకపకా నవ్వాడు. జుహైర్ గాడిదల కొట్టం అని తిట్టేది అతని కంప్యూటర్‌నే. దాన్ని అతను ఒక్కసారైనా ఊడ్చిన పాపాన పోలేదు.

"అన్నా, నా కొట్టంలో వెతకనా?"

"వెతకరా."

"వినపడలేదు."

"బతిమాలుతున్నాను, వెధవా!"

మొన్న హమ్మాది తన కంప్యూటర్లోకి తెచ్చుకున్న ఈనెస్ బ్రాంచి అక్కడ భద్రంగా ఉంది. నిన్నటి పని మాత్రం పోయింది. సాయంత్రం దాకా కూర్చుని ఆ పిల్ల మళ్లీ రాస్తుంటే, జుహైర్ టీలు మోశాడు.

మర్నాడు మిల్లాయన చూసి, బాగుందని వెళ్లాడు. భోజనం వేళకు జుహైర్ వేళ్లు మళ్లీ దురద పెట్టాయి. చెత్త పేరుకుంటే భండారం తనంతట తానే ఊడ్చుకుంటుంది, కొత్త చెత్త జోలికి పోకుండా. ఆ సంగతి ఆయనకు ఎప్పుడో తెలుసు. నమ్మకమే లేదు. చేతులు జేబుల్లో కుక్కుకుని లేచాడు.

"ఊడ్చావా అన్నా?" అన్నాడు హమ్మాది.

"నోర్మూసుకుని నీ బల్ల కింద ఆ రొట్టె ముక్క తియ్యి."

"రెండు వారాలు కానీ అన్నా, తొందరేముంది?"